ఢిల్లీలో ఆగిన మందు నల్లజర్లలో ఆగిందా?

2025 డిసెంబరు 29న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. మింగగానే కరిగే రకం నిమెసులైడ్ మాత్రల్లో 100 మిల్లీగ్రాములకు మించిన మోతాదువి ఇకపై తయారు చేయకూడదు, అమ్మకూడదు, పంచకూడదు. వాటి వల్ల మనుషులకు ముప్పు ఉంది, అంతకంటే భద్రమైన మందులు దొరుకుతున్నాయి అన్నది అందులో చెప్పిన కారణం. గెజిట్‌లో అచ్చయిన రోజునే ఇలాంటి ఉత్తర్వు అమల్లోకి వస్తుంది. కానీ మన ఫ్రిజ్ మీద పెట్టుకున్న మందుల డబ్బాకు గెజిట్ చేరదు.

ఎప్పుడో పంటి పోటుకు తెచ్చుకున్న మాత్రలు సగం స్ట్రిప్పు మిగిలి ఉంటాయి. ఒళ్లు నొప్పులని ఎవరైనా అంటే అందులోంచి ఒకటి తీసి ఇస్తాం. అది ఇప్పుడు అమ్మకూడని మందని మనకు ఎవరు చెప్పాలి? నల్లజర్లలోనో, భీమడోలులోనో, కొల్లేటి లంక గ్రామంలోనో ఉండే కుటుంబానికి ఆ కబురు ఏ దారిన రావాలి? మందు నిషేధం అనగానే మనం ఢిల్లీ వైపు, కంపెనీల వైపు చూస్తాం. ఆ నిర్ణయానికి ఆధారం చాలాసార్లు ఇలాంటి ఇళ్ల నుంచే వెళ్లాలి. దాని ఫలితం కూడా ఈ ఇళ్ల దాకా రావాలి. ఈ రెండు దారులూ మన దగ్గర సరిగా లేవు.

పరీక్షలు దాటిన మందే ఎందుకు ఆగిపోతుంది?

అనుమతి ఇచ్చేముందు సరిగా పరీక్షించలేదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. పరీక్షిస్తారు. అయితే కొత్త మందును మనుషులపై పరీక్షించేటప్పుడు సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేల మందే ఉంటారు. పది వేల మందిలో ఒక్కరికి వచ్చే హాని మూడు వేల మందిలో కనిపించకుండా పోవడానికే అవకాశం ఎక్కువ. అది ఒక్కసారైనా కంటపడాలంటే దాదాపు ముప్పై వేల మంది వాడాల్సి ఉంటుంది. పైగా ఈ పరీక్షల్లో గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లు, అయిదారు రకాల మాత్రలు కలిపి వేసుకునేవాళ్లు తక్కువగా ఉంటారు. మందు బజారులోకి వచ్చాక వీళ్లందరి చేతికీ వెళ్తుంది. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కొద్ది రోజుల్లోనే వందల మంది మూర్ఛతో, వాంతులతో ఆసుపత్రికి చేరారు. కేంద్రం నుంచి నిపుణుల బృందాలు వచ్చాయి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఒకే ఊళ్లో, ఒకేసారి జరిగింది కాబట్టి దేశమంతా ఇటు చూసింది. మందు చేసే హాని అలా రాదు. నల్లజర్లలో ఒకరికి, కైకలూరులో ఒకరికి, గూడెంలో మరొకరికి, అదీ నెలల తేడాతో వస్తుంది. ఎవరి ఇంట్లో వాళ్లు తమ ఖర్మ అనుకుంటారు. ఎవరి డాక్టరు వాళ్ల కేసు ఒక్కటే చూస్తారు. ఆ ముగ్గురి వివరాలూ ఒకచోట చేరితే తప్ప అది మందు చేసిన పని అని తెలియదు.

రోఫెకాక్సిబ్ అనే కీళ్ల నొప్పుల మందు సంగతి చూడండి. ఎక్కువ కాలం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో 2004 సెప్టెంబరు 30న తయారీ సంస్థ మెర్క్ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. అరవై దాటిన మనిషికి గుండెపోటు వస్తే మోకాళ్ల మాత్రను ఎవరు అనుమానిస్తారు? వయసు మీద పడింది అనుకుంటారు. అప్పటికే సమాజంలో ఎక్కువగా ఉన్న జబ్బును మందు ఇంకొంచెం పెంచితే దాన్ని పట్టుకోవడం అన్నిటికంటే కష్టం.

ఒకటే మాట, నాలుగు సంగతులు

‘ఆ మందు తీసేశారట’ అని వింటాం. ఆ మాట వెనుక వేర్వేరు సంగతులు ఉంటాయి. ఏది జరిగిందో తెలియకపోతే అనవసరంగా భయపడతాం, లేదా అనవసరంగా ధైర్యంగా ఉంటాం.

మొదటిది పూర్తి నిషేధం. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940లోని సెక్షన్ 26ఏ కేంద్రానికి ఈ అధికారం ఇస్తోంది. రెండు మూడు మందులను ఒకే మాత్రలో కలిపి అమ్మే మిశ్రమ మందులపై దీన్ని పెద్దఎత్తున ప్రయోగించారు. 2016 మార్చిలో 344 మిశ్రమాలు, 2018 సెప్టెంబరులో 328, 2023 జూన్‌లో 14, 2024 ఆగస్టులో 156. అలా కలపడానికి వైద్యపరమైన ఆధారం లేదు, రోగికి అవసరం లేని మందు కూడా ఒంట్లోకి వెళ్తోంది అన్నది ప్రధాన కారణం. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2024 జాబితాలో అసిక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర ఉంది. మనకు తరచూ రాసే అసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 మాత్ర వేరు. మందుల పేర్లు అవే అయినా అంకెలు మారితే సంగతి మారుతుంది.

రెండోది పరిమితి. మందు ఉంటుంది, కొందరికి మాత్రం ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వడాన్ని 2011 ఫిబ్రవరిలోనే నిషేధించారు. జలుబు సిరప్పుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఆదేశించారు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల వాళ్లకు తెలిసిన ఉదాహరణ క్లోరాంఫెనికాల్. మనిషి కంటికి వేసే చుక్కల్లో అది ఉంది. చేపలకు, రొయ్యలకు, కోళ్లకు మాత్రం నిషిద్ధం. ఆహారం కోసం పెంచే జీవాల్లో వాడే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులన్నిటినీ 2025 మార్చిలో దేశమంతటా నిషేధించారు. అరుదుగానైనా ఎముక మూలుగను దెబ్బతీసి రక్తం తయారుకాకుండా చేసే మందు అది. తినే చేపలో దాని ఆనవాళ్లు ఉండటానికి వీల్లేదు.

మూడోది ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలవడం. మందు మంచిదే, ఆ విడతలో తయారైన సరుకు చెడ్డది. 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు మందు విషయంలో జరిగింది ఇదే. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్ తాగి మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా చిన్నారులు కిడ్నీలు పాడై చనిపోయారు. ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. ఉండదగినది 0.1 శాతం. ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరిక ఇచ్చింది. ప్రాణం మీదికి తెచ్చే సరుకును 24 గంటల నుంచి గరిష్ఠంగా 72 గంటల్లోగా బజారు నుంచి తీసేయాలని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దుకాణంలో ఉన్న సీసాకు ఆ లెక్క సరిపోతుంది. ఇంట్లో మూత తీసిన సీసాకు ఏ గడువూ లేదు.

నాలుగోది కంపెనీ తానే ఆపేయడం, లేదా ఏదో ఒక జాబితా నుంచి పేరు పోవడం. కడుపు మంటకు దశాబ్దాలుగా వాడిన రానిటిడిన్‌లో క్యాన్సర్ కారకమని అనుమానించే ఎన్‌డీఎంఏ అనే కల్తీ పదార్థం ఉందని 2019లో బయటపడింది. మన హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ ఆ అక్టోబరులో అమెరికా బజారు నుంచి తన సరుకును వెనక్కి పిలిపించింది. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆ పదార్థం పెరుగుతోందని తేల్చి 2020 ఏప్రిల్ 1న అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందు మొత్తాన్నీ తీసేయమంది. మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తొలగించారు. జాబితాలోంచి పోవడం నిషేధం కాదు. మన మే నెల ఎండల్లో రేకుల షెడ్డు కింద నిల్వ ఉండే మందుల గురించి మాత్రం ఈ ఉదంతం ఆలోచింపజేయాలి.

ఆలస్యం ఒక తప్పు, తొందర ఇంకొకటి

జలుబు మాత్రల్లో ఒకప్పుడు ఫినైల్‌ప్రొపనోలమైన్ ఉండేది. దాని వల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు ఉందని తేలాక 2000లో అమెరికా దాన్ని తీసేయించింది. మనం నిషేధించింది 2011లో. పదేళ్లకు పైగా మన ఇళ్లలో ఆ మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. 344 మిశ్రమాల కథలో ఆలస్యానికి కారణం వేరు. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. 2017లో సుప్రీంకోర్టు మళ్లీ నిపుణులతో పరిశీలించమంది. చివరికి 2018లో 328 మీద నిషేధం వచ్చింది. ఆ రెండున్నరేళ్లూ అవి దుకాణాల్లోనే ఉన్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ పయోగ్లిటజోన్. 2013 జూన్‌లో ఈ మధుమేహం మందును ఉన్నట్టుండి నిలిపేశారు. మూత్రాశయ క్యాన్సర్ భయం దానికి కారణం. చవకగా దొరికే మందు కావడంతో దాని మీద ఆధారపడిన రోగులు అయోమయంలో పడ్డారు. వైద్యుల అభ్యంతరాల తర్వాత ఆ జులై చివర్లో నిషేధం ఎత్తేసి, హెచ్చరిక ముద్రించి అమ్ముకోమన్నారు. కాబట్టి ‘తీసేశారు’ అన్న వార్త ప్రతిసారీ తుది తీర్పు కాదు. ముప్పును, మేలును పక్కపక్కన పెట్టి తూచాలి. ఆ తూకం కొత్త సమాచారంతో మారుతుంది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారు చేసిన అమినోప్టెరిన్‌ను 1947-48లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. ఆ జబ్బును మందుతో అదుపు చేయవచ్చని తొలిసారి తెలిసింది అలాగే. తర్వాత దాని స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. అదీ ఆ కృషి నుంచి పుట్టినదే. ఈరోజు అమినోప్టెరిన్ ఆసుపత్రుల్లో కనపడదు. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి కూడా రాస్తున్నారు. ఆయన బృందమే అందించిన డైఇథైల్‌కార్బమజైన్ మన జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన మాత్ర. ఒకే చేతుల మీదుగా వచ్చిన మూడు మందుల్లో ఒకటి తప్పుకుంది, రెండు నిలిచాయి. వైద్యం ముందుకు నడిచే తీరే అది. మందు ఆగిపోయిందని డాక్టర్ల మీద, మందుల మీద నమ్మకం పోగొట్టుకోనక్కర్లేదు.

తలుపు మూస్తే కిటికీ

నిషేధం తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వల్ల రాబందులు చనిపోతున్నాయని తేలింది. ఆ ఇంజెక్షన్ చేసిన పశువు చనిపోతే, దాని కళేబరం తిన్న రాబందు కిడ్నీలు పాడయ్యేవి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అయితే మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల పాకల్లోకి వెళ్లాయి. దాన్ని ఆపడానికి 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను ఒక్క మోతాదు, అంటే 3 మిల్లీలీటర్ల సీసాలకే పరిమితం చేయాల్సి వచ్చింది. దాని బదులు వచ్చిన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లు కూడా రాబందులకు చేటేనని తేలి, 2023లో వాటినీ పశువులకు నిషేధించారు.

మనుషుల మందుల్లోనూ అంతే. ఫినైల్‌ప్రొపనోలమైన్ తీసేశాక జలుబు మాత్రల్లోకి ఫినైలెఫ్రిన్ వచ్చింది. నోటితో వేసుకుంటే అది ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. పాత మాత్ర ప్రమాదమని తీసేస్తే కొత్త మాత్ర దండగని తేలింది. చాలాసార్లు బ్రాండు పేరు అలాగే ఉండి లోపలి మందు మారిపోతుంది. అట్టపెట్టె రంగు చూసి కొనేవారికి ఆ మార్పు తెలియదు.

మీ ఇంట్లో మీరు చేయగలిగినవి

మందు పేరంటే పెద్ద అక్షరాల బ్రాండు అనుకోకండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు మందు. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది అక్కడ ఉంటుంది. నిషేధం వచ్చేది దాని మీదే. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లపై 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఫోనుతో చూస్తే తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపిస్తాయి.

దుకాణంలో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తే, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క తరచూ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అవి ఉన్న ముక్కనే అడగండి. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు దాని మీద రాయించుకోండి. రేపు ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే మీ దగ్గరున్నది అదో కాదో తెలుసుకునే దారి అదొక్కటే.

రోజూ వేసుకునే బీపీ, షుగరు, మూర్ఛ, గుండె మందుల గురించి వార్త వస్తే భయపడి మీ అంతట మీరు ఆపేయకండి. వీటిలో కొన్నింటిని ఒక్కసారిగా మానేస్తే వచ్చే ప్రమాదం వార్తలో చెప్పిన ముప్పు కంటే పెద్దది. స్ట్రిప్పు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి బదులు మందు రాయించుకోండి. అప్పుడప్పుడూ వేసుకునే నొప్పి మాత్ర, జలుబు మాత్ర అయితే వెంటనే పక్కన పెట్టేయండి.

పిల్లల విషయంలో ఒక్కటే మాట. పోయిన సంవత్సరం పెద్దబాబుకు తెచ్చిన సిరప్ ఈ సంవత్సరం చిన్నదానికి పోయకండి. దగ్గు మందు తాగిన పిల్లవాడు మూత్రం బాగా తక్కువగా పోస్తున్నా, వాంతులు అవుతున్నా, మత్తుగా పడి ఉన్నా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వద్దనుకున్న మందులను మురుగు కాలువలో పారబోయకండి. ఏలూరు వైపు కాలువల నీరు చేరేది కొల్లేటికే. మాత్రలను స్ట్రిప్పు నుంచి తీసి, వాడేసిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో మూటకట్టి చెత్తలో వేయడం ఇంటి వరకు మెరుగైన పద్ధతి.

అడగాల్సినవి అడుగుదాం

ఇదంతా కుటుంబాల నెత్తినే వేసి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కుదరదు. నిషేధ ఉత్తర్వులు ఇంగ్లిషులో, రసాయనాల పేర్లతో, వెబ్‌సైట్లలో ఉంటాయి. నాణ్యత పరీక్షల్లో తప్పిన బ్యాచ్‌ల జాబితాను కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ప్రతి నెలా వెలువరిస్తుంది. అది నల్లజర్ల మందుల షాపు గోడ మీద తెలుగులో, ఒక పేజీలో ఎందుకు ఉండకూడదు? గ్రామ సచివాలయం నోటీసు బోర్డు ఉంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు ఉన్నారు. పిల్లలకు ఇవ్వకూడని సిరప్ కబురు చేరవేయడానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు.

వాడని మందులను తిరిగి తీసుకునే డబ్బా ప్రతి మండలంలో ఒక్క చోటైనా ఉండాలి. ఇళ్ల నుంచి అలాంటి మందులు సేకరించే పథకాన్ని కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్‌లో మొదలుపెట్టింది. మన దగ్గరా చేయవచ్చు. నిషేధం తర్వాత దుకాణాల్లో ఎంత సరుకు దొరికింది, ఎంత వెనక్కి వెళ్లింది అన్న లెక్క జిల్లాలవారీగా ప్రజలకు చెప్పాలి. ఆ లెక్క లేకపోతే ఉత్తర్వు అమలైందో లేదో ఎవరికీ తెలియదు.

మరొక దారి మీ చేతిలోనే ఉంది. మందు వేసుకున్నాక దద్దుర్లు, ముఖం వాపు, కళ్లు పచ్చబడటం, కొత్తగా ఆయాసం, తూలిపోవడం లాంటివి కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించండి. తర్వాత 1800-180-3024కు ఫోన్ చేయండి. ఇది దేశ ఔషధ దుష్ప్రభావాల నిఘా కార్యక్రమం వారి ఉచిత నంబరు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 దాకా పలుకుతారు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు ఏమైంది అన్నవి చాలు. అది మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేయనక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. నిజానిజాలు తేల్చేందుకు నిపుణులున్నారు. మీ ఒక్క ఫోనుతో మందు ఆగిపోదు. అదే మందు గురించి కైకలూరు నుంచి ఒకరు, కర్నూలు నుంచి ఒకరు, కాన్పూర్ నుంచి ఇంకొకరు చెప్పినప్పుడు ఆ మూడూ ఒకే కాగితం మీదికి వస్తాయి. మీ ఫోను వెళ్లకపోతే ఆ కాగితం మీద రెండే ఉంటాయి.